ఆరు గిన్నెల కార్డు, బాపు ముక్కు

ఈరోజు పొద్దున మళ్ళీ ఆరు గిన్నెల కార్డే వచ్చింది. ఈ కార్డుల పిచ్చి నాది కాదు, నా కూతురు శిరీషది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, ఏదో ఆన్‌లైన్ క్లాసులో బొమ్మలు చూసి జాతకం చెప్పే టారో కార్డులు నేర్చుకుంది. పోయినసారి ఆర్మూరు వచ్చినప్పుడు ఒక కట్ట నా చేతిలో పెట్టి, పక్కన నాలుగు చిన్న సీసాలు కూడా పెట్టింది. ఒకదాంట్లో లవంగాలు, ఒకదాంట్లో కాఫీపొడి, ఒకదాంట్లో ఎండిన నిమ్మతొక్క, నాలుగోదాంట్లో పసుపు. "పొద్దున లేవంగనే ఒక్క కార్డు తియ్యి అమ్మా. గా బొమ్మ చూసి ఏదన్న మంచి జ్ఞాపకం తెచ్చుకో. అది తలుచుకుంటనే గీ సీసాలు వాసన చూడు. మెల్లగ వస్తది" అని చెప్పి బస్సెక్కింది. అందరికీ వచ్చిన ఆ జ్వరమే నాకూ వచ్చింది. అది పోతూ పోతూ నా ముక్కులోంచి వాసనంతా ఊడ్చుకుపోయింది. ఏళ్ళు గడిచినా తిరిగి రాలేదు. నిజామాబాదులో పెద్ద డాక్టరుకు చూపిస్తే "కొందరికి వస్తదమ్మా, కొందరికి రాదు" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి ఫీజు కూడా తీసుకున్నాడు.

కార్డుల మీద నాకు నమ్మకమేమీ లేదు. మొదటివారం వచ్చిన బొమ్మలు చూస్తే ఉన్న ధైర్యం కూడా పోయింది. ఒకరోజు తలకిందులుగా వేలాడే మనిషి, ఒకరోజు పిడుగు పడి కూలుతున్న మేడ, ఇంకోరోజు గుర్రమెక్కిన అస్థిపంజరం. అస్థిపంజరాన్ని చూసి ఏ సంతోషాన్ని తలుచుకోవాలో నాకర్థం కాలేదు. శిరీషకు ఫోన్ చేస్తే "అది మంచి కార్డే అమ్మా" అంటుంది. దానికి అన్నీ మంచి కార్డులే. మా బాపమ్మ, అంటే నాన్నమ్మ, బతికి ఉంటే ఈ కట్టను పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచుకునేది. అయినా రోజూ తీస్తున్నాను. నచ్చని కార్డు వస్తే చాటుగా లోపల పెట్టేసి ఇంకొకటి తీస్తున్నాను. నా చేతనైంది ఇంకేమీ లేక చేస్తున్న పని ఇది. మునుపు కథలు రాసుకున్నదాన్ని, ఇప్పుడు పొద్దున లేచి లవంగాల సీసాలో ముక్కు పెట్టుకుని కూర్చుంటున్నాను.

ఆరు గిన్నెల కార్డు మీద పాత ఇల్లొకటి ఉంటుంది. దాని ముందర ఆరు గిన్నెలు, గిన్నెగిన్నెలో ఒక తెల్లపువ్వు. ఒక పిల్లవాడు గిన్నె ఎత్తి ఒక చిన్నపిల్లకు అందిస్తూ ఆ పువ్వును వాసన చూస్తున్నట్టు వంగి ఉంటాడు. చిన్ననాటి సంతోషానికి గుర్తట ఆ కార్డు. సంతోషానికేం, బోలెడంత ఉంది నా దగ్గర. బాధ ఏమిటంటే నా చిన్నతనమంతా వాసనల్లోనే ఉంది. ఇల్లు గుర్తొస్తుంది, గోడలు గుర్తొస్తాయి, మనుషుల మొహాలు గుర్తొస్తాయి. వాసన మాత్రం పేరుకే మిగిలింది. మా అమ్మ చీరకొంగు ఏ వాసనొచ్చేదో మాటల్లో చెప్పగలను, ఆ వాసనను ముక్కుకు తెచ్చుకోలేను. ఇంకొన్నాళ్ళకు ఆ పేరు కూడా మరిచిపోతానేమోనని నాకు భయంగా ఉంది.

శివరాత్రి దగ్గరపడితే మా చుట్టుపక్కల పొలాల్లో పసుపు ఉడికేది. ఆలూరు, ముప్కాలు, దొంకేశ్వర్ వైపు నుంచి మొదట్లో ఎడ్లబండ్ల మీద, తర్వాత ట్రాక్టర్ల మీద బస్తాలు మా గంజ్‌కు వచ్చేవి. గంజ్ అంటే మార్కెట్టే. అమ్ముడుపోని బస్తాలు మా ఇంటి ముందరి అర్రలో, అంటే గదిలో, పడేవి. ఆ రెండు మూడు నెలలు మా బతుకంతా పసుపే. కిటికీ చువ్వలు, మా నాన్న బనీన్లు, పరుపులు, చివరికి దేవుడి పటాల అద్దాలు కూడా పచ్చబడేవి. గోనెసంచుల వాసన, ఎండిన కొమ్ముల ఘాటు, వంటింట్లో గ్యాసునూనె అని మేమనే కిరోసిన్ స్టవ్వు కంపు, పచ్చిపులుసులో వేసిన తాలింపు, అన్నీ కలిసి మా ఇంటికొక వాసన ఉండేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా నోటుబుక్కు తెరిచి "నీ లెక్కలు కూర వాసనొస్తున్నయే" అనేది. ఆ పిల్ల తల్లి బీడీలు చుట్టేది. దాని పుస్తకాలన్నీ పొగాకు వాసన. ఒకరి పుస్తకాన్ని ఒకరం తిట్టుకుంటూ బడి మారేదాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

మా నాన్నను బాపు అనేవాళ్ళం; ఆయనది ఆడ్తి దుకాణం. రైతు తెచ్చిన పసుపును దుకాణం ముందర కుప్ప పోయించి, కొనేవాళ్ళకు చూపించి, బేరం కుదర్చడం ఆయన పని. రైతు బాపు మాట మీద అమ్మేవాడు, షావుకారు బాపు మాట మీద కొనేవాడు. ఆయన కొమ్మును రెండుగా విరిచి, చప్పుడు విని, లోపలి రంగు చూసి, చివర ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. చప్పుడు, రంగు ఎవరైనా చూస్తారు. పాత సరుకుకు మళ్ళీ మెరుగుపెట్టి కొత్తదని తెచ్చినా, కుప్ప అడుగున తడి తగిలి బూజు పట్టినా కంటికి తెలియదు, ముక్కుకే తెలుస్తుంది. బాపు ముక్కంటే గంజ్‌లో అందరికీ గురి. దాన్ని చూసుకుని ఆయనకూ కొంచెం గర్వమే. భోజనానికి వస్తూ వాకిట్లోనే ఆగి "ఇయ్యాల బీరకాయ" అని చెప్పేవాడు. ఒక్కనాడు తప్పిన గుర్తు లేదు.

ఒక ఏడు ఎండాకాలం చివర్లో బస్తాల వరుస కూలి బాపు తలమీద పడింది. నిజామాబాదు దవాఖానలో కొన్నాళ్ళున్నాడు. కట్టు విప్పారు, కుట్లు మానాయి, ఇంటికొచ్చాడు. అందరం దేవుడి దయ అనుకున్నాం. ఒకరోజు పొద్దున బాపు వంటింటి గడప పక్కన పీటేసుకుని పేపరు చదువుతున్నాడు. అమ్మ పెరట్లో ఉంది. స్టవ్వు మీద పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడి, ఇల్లంతా పొగ కమ్మింది. వీధిలోంచి బాపమ్మ అరుచుకుంటూ వచ్చింది. బాపు అప్పటికీ తల ఎత్తలేదు.

"పాలు గట్ల మాడుతుంటె మీకు వాసన రాలేదా?" అంది అమ్మ.

"ఏ పాలు?" అన్నాడు బాపు.

అమ్మ గిన్నె దించి, బాపమ్మ బయటికి పోయేదాకా ఆగి, తాలింపు పెట్టె తెచ్చి ఇంగువ డబ్బా మూత తీసి బాపు ముక్కు కింద పెట్టింది. బాపు కళ్ళు మూసుకున్నాడు. గట్టిగా పీల్చి తల అడ్డంగా ఊపాడు. "ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. ముక్కు లేని ఆడ్తివాడి ముందర ఏ రైతు కుప్ప పోస్తాడు? గంజ్‌లో ఆయనకు ఉన్న మర్యాదంతా ఆ ఒక్కదానిమీదే నిలబడి ఉంది. అది పోయిందని ఇంట్లో మా ముగ్గురికే తెలుసు.

మళ్ళీ పసుపు కాలం వచ్చేసరికి వాళ్ళిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. బాపు పొద్దుటి కుప్పలన్నీ చూసినట్టే చూసి, "మధ్యాన్నం చెప్త" అనేవాడు. ఒక్కో కుప్ప అడుగునుంచి ఒక కొమ్ము దాచుకుని భోజనానికి వచ్చేవాడు. ఒకటి అంగీ జేబులో, ఒకటి ధోవతి మడతలో, ఒకటి రుమాల్లో, ఒకటి వక్కల డబ్బాలో. ఏది ఎవరి కుప్పదో మరిచిపోకుండా దారంతా గొణుక్కుంటూ వచ్చేవాడు. బాపమ్మ ఆ వేళకు పడుకునేది. అన్నం తిన్నాక వంటింట్లో తలుపు దగ్గరికి వేసుకుని బాపు పీటమీద, అమ్మ నేలమీద కూర్చునేవాళ్ళు. బాపు కొమ్మును విరిచి అరచేతిలో పెట్టుకుని అమ్మ మొహం దగ్గరికి పట్టేవాడు. అమ్మ కళ్ళు మూసుకుని, కొంచెం వంగి, వాసన చూసేది.

"గిది మంచిగున్నది. గిదేమో సగమే ఉడికింది. గిది పోయినేటిది, మల్ల మెరుగు పట్టిన్రు."

"పోయినేటిదని ఎట్ల చెప్తవ్?"

"మీరు పోయినేటి అంగీ తొడుక్కుంటె నాకు తెల్వదా?"

బాపు నవ్వేవాడు. మా బాపు అమ్మ ముందర నవ్వడం నేను చూసింది అప్పుడే. అంతకుముందు ఆయనకు మంచినీళ్ళు కావాలంటే నన్ను పిలిచి "మీ అమ్మనడుగు" అనేవాడు. పగటిపూట మొగుడూ పెళ్ళాం కూర్చుని మాట్లాడుకునే అలవాటు మా ఇళ్ళలో ఉండేది కాదు. ఇప్పుడు ఇద్దరి తలలూ ఒక అరచేతి మీదికి వంగి ఉండేవి. తలుపుకు కాపలాగా నన్ను కూర్చోబెట్టేవాళ్ళు. కొన్నిసార్లు అమ్మ నన్నూ పిలిచి ముక్క నా ముక్కు దగ్గర పెట్టి "చెప్పు బిడ్డా" అనేది. నేను తప్పు చెప్తే ఇద్దరూ నవ్వేవాళ్ళు. బయట ఎండ మండిపోతుండేది. లోపల పసుపు, అమ్మ తలనూనె, బాపు చెమట, అన్నం పొగ. ఆ వేళలో నాకు ఏ లోటూ తోచేది కాదు. నా చిన్నతనంలో నేను మళ్ళీ బతకాలనుకునేవి ఆ మధ్యాహ్నాలే.

ఆరు గిన్నెల కార్డు మొదటిసారి వచ్చినప్పుడు శిరీషకు ఫోన్‌లో ఇంతవరకు చెప్పాను. "ఎంత మంచిగుందమ్మా. తాతకు అమ్మమ్మంటె గంత ప్రేమనా" అంది. "ఇప్పుడు పసుపు సీసా వాసన చూడు, వస్తది." చూశాను. వేడినీళ్ళ గ్లాసు వాసన చూసినట్టుంది. ఏమీ రాలేదన్నాను. "ఇంకోటి తలుచుకో" అంది. దానికి ఇంకోటి చెప్పలేదు. ఆ మధ్యాహ్నాలు ఎట్లా ఆగిపోయాయో చెప్పలేదు.

మా చిన్నత్త పెళ్ళి వచ్చింది. బాపుకు ఒక్కతే చెల్లెలు. పసుపు రాసే రోజు ఇంటినిండా ఆడవాళ్ళు. రోళ్ళలో దంచిన పసుపు పళ్ళాలకెత్తి, నూనె కలిపి, పెళ్ళికూతురికి పూసి, ఒకరికొకరు పూసుకున్నారు. అమ్మ పెద్దవదిన. ఆమె మోచేతుల దాకా పసుపు, మొహం నిండా పసుపు, ముక్కు కొనమీద కూడా ఎవరో సరదాగా రుద్దారు. ఆ రోజున గంజ్‌కు పోవద్దని బాపమ్మ చెప్పినా బాపు వినలేదు. మధ్యాహ్నం వచ్చి, వాకిట్లో నిలబడి నావైపు చూశాడు. నేను పోయి అమ్మను పిలుచుకొచ్చాను. వంటింట్లో వంటవాళ్ళున్నారు. పెరట్లో బావి వెనక నిలబడే చూశారు. అమ్మ చేతులు కడుక్కుంది, చీరకొంగుతో మొహం తుడుచుకుంది. బాపు తెచ్చిన కొమ్ములన్నీ వరుసగా చూసి "అన్ని మంచిగనే ఉన్నయి" అంది. లోపలినుంచి ఎవరో పిలిస్తే పోయింది. పసుపు ఇంట్లో పుట్టి పసుపు ఇంట్లో కోడలైనదానికి, మొహాన అంత పసుపు పెట్టుకుని ఇంకో పసుపు వాసన తెలియదని తోచలేదు. బాపుకూ తోచలేదు. నాకసలే తోచలేదు.

తర్వాత జరిగింది కాకా చెప్పగా విన్నాను. కాకా అంటే బాపు తమ్ముడు. ఆరోజు దుకాణంలో బాపు పక్కనే ఉన్నాడు. సాయంత్రం వచ్చి పెరట్లో బాపమ్మకు చెప్తుంటే గోడవతల నేనున్నాను. బాపు మంచిదన్న కుప్పల్లో ఒకదాంట్లోకి ఒక షావుకారు మోచెయ్యి దాకా పెట్టి, అడుగునుంచి గుప్పెడు తీసి, మొహం చిట్లించి బాపుకు అందించాడు. "సేటూ, జర నువ్వే చూడు" అన్నాడు. బాపు ముక్కు దగ్గర పెట్టుకుని "మంచిగనే ఉన్నది గద" అన్నాడు. అది ముక్కిపోయి కంపు కొడుతోందని చుట్టూ నిలబడ్డవాళ్ళందరికీ తెలుస్తోంది. మొదట బాపు మోసం చేస్తున్నాడనుకున్నారు. అప్పుడెవడో గ్యాసునూనెలో ముంచిన గుడ్డపేలిక పిడికిట్లో మూసి తెచ్చి, "గిది ఎట్లున్నది సేటూ?" అని బాపు ముక్కు కింద పెట్టాడు. బాపు వాసన చూసి, "గిది గూడ మంచిదే" అన్నాడు. గంజ్ గంజంతా నవ్విందట. "నేనేం చేద్దునే అమ్మా, నా కాళ్ళు చేతులు ఆడలే" అని కాకా ఏడ్చాడు.

బాపు అమ్మను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో. మర్నాటినుంచి కుప్పలు చూసే పని కాకా తీసుకున్నాడు. బాపు గద్దెమీద కూర్చుని వచ్చినవాళ్ళకు నమస్తే పెట్టేవాడు, చాయ్ చెప్పేవాడు. కొమ్ము ముట్టేవాడు కాదు. మధ్యాహ్నం ఖాళీ జేబులతో వచ్చి, తిని, లేచి పోయేవాడు. నీళ్ళు కావాలంటే మళ్ళీ నన్ను పిలిచేవాడు.

అమ్మ మొహానికి పసుపు రాసుకోవడం మానేసింది. చేతులకూ లేదు, కాళ్ళకూ లేదు. కూరలో వేసేటప్పుడు కూడా చెంచాతో వేసి, చెయ్యి మట్టితో తోమి కడిగేది. శుక్రవారం పూట కూడా వట్టి మొహంతో తిరుగుతుంటే బాపమ్మ ఊరుకోలేదు. "ముత్తైదువవు, ముఖానికి పసుపు లేకుంటె ఎట్లనే? నలుగురు ఏమనుకుంటరు?" అని రోజూ పోరేది. "నాకు పడుతలేదత్తమ్మా, పొక్కులొస్తున్నయి" అనేది అమ్మ. ఒక్క పొక్కు లేదు. బాపు భోజనం చేస్తున్నంతసేపూ, కడిగిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడూ కూర్చునే చోటనే నేలమీద కూర్చునేది. ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"ఇయ్యాల ఏం తేలేదా?"

"తమ్ముడు చూసుకుంటున్నడు తియ్యి" అన్నాడు బాపు, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

మళ్ళీ అడగలేదు. కానీ ఆ కూర్చోవడం మానలేదు. నా పెళ్ళయి నేను నిజామాబాదు పోయేదాకా, ఆ తర్వాత పుట్టింటికి వచ్చినప్పుడల్లా, అదే చూశాను. ఒక కొమ్ము తెచ్చి ఆమె ముందు పడెయ్యి బాపూ అని అడగాలనిపించేది. ఆయన మొహం చూస్తే నోరు వచ్చేది కాదు.

ఆర్మూరుకే తిరిగొచ్చి ఉంటున్న నాకు ఇప్పుడు వాసన లేదంటే ఎవరూ నవ్వరు. "అదృష్టవంతురాలివి, మురుగు మోరీ కంపు నీకుండదు" అని పక్కింటావిడ పరాచికమాడుతుంది. గంజ్‌లో ధరలు కంప్యూటరు తెరమీద వస్తున్నాయట. నా తిండి గడవడానికి నా ముక్కుతో పనిలేదు. అయినా పొద్దున సీసా మూత తీసి వాసన లాగినప్పుడు, లోపలికి వట్టి గాలి పోయినప్పుడు, ఆ గుడ్డపేలిక ముందు బాపు ఎట్లా నిలబడ్డాడో నాకు ఒళ్ళంతా తెలుస్తోంది. అప్పుడు నేను తలుపు దగ్గర కూర్చుని లోకంలో నా అంత సుఖంగా ఎవరూ లేరనుకున్నాను. ఆ పీటమీద కూర్చున్న మనిషికి రోజూ ప్రాణం గుప్పిట్లో ఉండేదని నాకు తెలియదు. నా సంతోషమంతా ఆయన నిస్సహాయత మీదే కట్టుకున్నదైతే, దాన్ని సంతోషమని శిరీషకు ఎట్లా ఇవ్వను? ఇవ్వకుండా దాచుకుంటే ఇంక నాకు మిగిలేదేముంది?

అమ్మ పోయినరోజు నేను బస్సు దిగి ఇంటికి చేరేసరికి స్నానం చేయించేశారు. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదట. అరుగుమీద పడుకోబెట్టి, ముత్తైదువగా పోయిందని మొహానికి నిండుగా పసుపు పూశారు, పెద్ద బొట్టు పెట్టారు. అన్నేళ్ళ తర్వాత అమ్మను పసుపు మొహంతో చూశాను. బాపు తల దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఏడవలేదు. దగ్గరికి రమ్మని చెయ్యి ఊపి, చెవిలో చెప్పినట్టు అడిగాడు.

"బిడ్డా, తొందరల ఏ పసుపు రాసిన్రో ఏమో. మంచిదేనా? జర వాసన చూడు."

వంగి చూశాను. నా చిన్నప్పటి అమ్మ మొహం వాసన ఒక్కసారిగా వచ్చి మీద పడింది. మంచిదే బాపూ అని చెప్పాలి. ఏడుపు ముంచుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని తల తిప్పుకున్నాను. బాపు వేరేగా అర్థం చేసుకున్నాడు.

"మంచిది గాదా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే లేచి, గోడ పట్టుకుంటూ ముందరి అర్రలోకి పోయాడు. సంచి మూతి విప్పుతున్న చప్పుడు వినిపించింది. గుప్పెడు కొమ్ములు తెచ్చి, విరిచి, అరచేతిలో పెట్టుకుని అందరి ముందరా నిలబడ్డాడు. "గీంట్ల ఏది మంచిదో ఎవలన్న జర చూసి చెప్పున్రి" అన్నాడు. ఆడవాళ్ళు మొహాలు దించుకున్నారు. కాకా దగ్గరికి రాబోయి ఆగిపోయాడు. బాపు ఒక్కొక్కరి దగ్గరికీ ఆ చెయ్యి పట్టి, వెనక్కి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. కూర్చుని, అరచెయ్యి అమ్మ మొహం దగ్గరికి పట్టి, ఆమె చెప్పేదాకా ఆగాడు. మేమెవరం ఆయన్ని లేపలేకపోయాం.